ఉడుం పిల్ల వదలని పట్టు

పాత పుట్టలో ఒక ఉడుం పిల్ల ఒంటరిగా ఉండేది. అమ్మ ఉన్నన్నాళ్లూ దానికి పుట్ట లోపలే గోడలెక్కడం నేర్పింది. "పట్టు వదలకు తల్లీ" అంటూ కిందే నిలబడేది. పిల్ల జారినా అమ్మ వీపు మీదే పడేది. ఒకరోజు తిండికని వెళ్లిన అమ్మ మళ్లీ రాలేదు.

వానలకు పుట్ట కరిగిపోయి పిల్ల బయటికొచ్చింది. ఎదురుగా ఎత్తైన బండ ఉంది. సగం దాకా ఎక్కి కిందికి చూసింది. కింద ఎవరూ లేరు. అంతే, నాలుగు కాళ్లతో రాతిని కరుచుకుని ఉండిపోయింది. ఎండ ముదిరింది. గోళ్లు నెప్పెట్టాయి.

పై అంచు మీదున్న తొండకు చూసి చూసి విసుగొచ్చింది.

"ఏమే పిల్లా, అక్కడే కాపురం పెట్టావా? ఒక కాలు వదులు, పైకొస్తావు."

"వదలను. మా అమ్మ వదలొద్దంది."

"మీ అమ్మ రోజూ ఈ దారినే పైకొచ్చేది. కాస్త తలెత్తి చూడు."

పిల్ల చూసింది. బండకు పట్టిన ఎండునాచులో పెద్ద పెద్ద గోళ్ల గీతలున్నాయి. వాటి పైన ఇంకొన్ని, ఆ పైన ఇంకొన్ని. అన్నీ అమ్మ పట్టుకున్న చోట్లే. అన్నీ అమ్మ వదిలేసిన చోట్లే.

"పడితే కింద ఎవరున్నారు?" అంది పిల్ల.

"ఎవరూ లేరు" అంది తొండ. దానికి అబద్ధమాడడం రాదు.

పిల్ల చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఒక ముందుకాలు వదిలి, అమ్మ గీతల్లో తన గోళ్లు పెట్టింది. ఆ గీతల్లో ఇంకా బోలెడు చోటు మిగిలింది.