గెడ్డకి మేత

ఇళ్ల ప్లాట్ల కోసం కొండ మీది చెట్లన్నీ కొట్టేశాక కింది గెడ్డవాగులో ఆకు రాలడం ఆగిపోయింది.

మధురవాడ అపార్ట్‌మెంట్‌లో తను ఊడ్చిన ఎండుటాకుల్ని తగలబెట్టనివ్వకుండా, గంగాలమ్మ మూటలు కట్టి ఆటోలో తెచ్చి గెడ్డలో కుమ్మరించింది.

"ఏటి సేత్తన్నావ్?" అన్నాడు భర్త పైడయ్య.

"ఆకు నేకపోతే సేపలేటి తింటాయి?"

వారం తిరక్కుండానే నీళ్లు నల్లబడ్డాయి. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి.

గంగాలమ్మ దోసిళ్లతో ఆకులు తోడిపోసింది. "ఇన్నేళ్లూ కొండ రాల్చింది ఆకే గదా. అప్పుడు సేపలు సావనేదు."

"అప్పుడు గెడ్డ పారీది," అన్నాడు పైడయ్య మెల్లగా. "సెట్లతో ఊటా పోనాది. నిలవనీట్లో ఆకు కుళ్లిపోతాది."

ఆమె మోకాలిలోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో నీటిని ముందుకు తోయడం మొదలుపెట్టింది.