మంగళవారం విమానం

"పగలగొట్టు నాయనా! ఇంకేం చూస్తాండావు?" పక్కింటి తాళం పట్టుకుని గుంజుతూ అరిచింది చందన.

"ఒద్దే! మంది ఇంటి తాళం పగలగొడితే ఊరంతా మన మొగాన ఉమ్మేస్తాది," కస్తూరమ్మ కూతురికి అడ్డం పడింది.

ఇంత గొడవకూ కారణం ఆ మహాతల్లే. గౌహతి ఆసుపత్రిలో చందనకు నర్సు ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున పదింటికల్లా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఈ సాయంత్రమే హైదరాబాదులో విమానం. కానీ ఈరోజు మంగళవారమాయె! అందుకని కస్తూరమ్మ నిన్ననే మంచి ఘడియ చూసి, కూతురి సంచిని పక్కింటి ఉచ్చీరమ్మ ఇంట్లో ప్రస్థానం పెట్టింది. సంచి సోమవారమే గడప దాటింది కాబట్టి పిల్లా సోమవారమే బయల్దేరినట్టు లెక్క. బాగానే ఉంది. తీరా తెల్లారి చూస్తే ఉచ్చీరమ్మ ఇంటికి తాళం! శ్రావణమాసం కదా, ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయిందట. ఫోన్ చేస్తే ఎత్తదు. సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు అన్నీ ఆ సంచిలోనే.

మగ్గం మీంచి లేచి వచ్చిన శంకరప్ప కూతురికి తన ఫోన్ చూపించాడు.

"కంగారుపడాకు పాపా. హైదరాబాదు నుంచి గౌహతికి ఆకాశంలో పదిహేడు వందల కిలోమీటర్లంట. రెండున్నర గంటల్లో దించుతారు."

"అదంతా ఎట్లయినా పోతా నాయనా! ఈ గోడ దాటలేకనే కదా సస్తాండా!" చందనకు ఏడుపు తన్నుకొచ్చింది.

తొమ్మిదింటి బస్సు పోయింది. శంకరప్పకు ఇక ఓపిక చచ్చిపోయింది. గడ్డపార తెచ్చి రెండు పోట్లు పొడిచాడు. తాళం ఊడిపడింది. ముగ్గురూ లోపల పడి మంచం కింద, బియ్యం డబ్బా వెనక, ఆఖరికి దేవుడి గూట్లో కూడా వెతికారు. సంచి లేదు! ఈలోపల పదకొండింటి బస్సూ పోయింది. ఇంక ఏ బస్సెక్కినా విమానం అందదు.

"నీ మంగళవారంలో మన్ను పొయ్య!" చందన తల్లి మీద విరుచుకుపడింది. కస్తూరమ్మ నెత్తి కొట్టుకుంటూ కూలబడింది.

అప్పుడు మోగింది ఫోన్. ఉచ్చీరమ్మ!

"ఏమక్కా, అన్నిసార్లు ఫోన్ చేసినావు? ఈడ గుళ్లో జనాల గోలకు ఇనపల్యా."

"సంచి యాడ పెట్టి సచ్చినావే?"

"ప్రస్థానం సంచి తాళమేసిన ఇంట్లో పడుంటే పాప పయనం ఆగిపోదా అక్కా? అందుకే మా పిల్లోడు ఈరేషు తెల్లారుజామున హైదరాబాదుకు కారు తోలుకొని పోతాంటే ఇచ్చి పంపినా. మిమ్మల్ని నిద్ర లేపడమెందుకని సెప్పల్యా. వాడు విమానాల గేటుకాడ సంచి పట్టుకొని కాసుకోనుండాడు... మీరు యాడిదాకా వచ్చినారు?"