మూడో మైకు

"ఇందులోనూ అదే టకటక," అంటూ తమ్ముడు మూడో మైకును కూడా తెచ్చి కొట్లో బల్ల మీద పెట్టేశాడు. "సోమవారం మా స్టూడియో తెరవాలి. ఇంకాస్త మంచిది చూపించండి."

"ఇంకా మంచిదంటే మీ చేతిలో ఉన్న డబ్బంతా దానికే సరి," అన్నాడు కొట్టాయన. "ముందు దీన్నే ఇక్కడ వినండి. మీరు చదవండమ్మా."

స్టూడియోలో కథలు చదవబోయేది అక్క. ఆమె మైకు ముందు పుస్తకం తెరిచింది. తమ్ముడు పక్కనే కుర్చీ లాక్కుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. రెండు వాక్యాలైనా కాకముందే టకటక మొదలైంది.

"ఇదిగో, మళ్ళీ."

కొట్టాయన వంగి అతని మోకాలిని చేత్తో అదిమి పట్టాడు. ఊగుతున్న కాలు ఆగింది. చెప్పు మడమ నేలకు తగలడం ఆగింది. చెవుల్లో అక్క గొంతొక్కటే మిగిలింది.

తమ్ముడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీకు ముందే తెలుసా?"

"మొదటి మైకప్పుడే తెలుసు," అంది అక్క, పుస్తకంలోంచి తలెత్తకుండా. "చెప్తే గదిలోంచి లేచిపోతావు. నువ్వు పక్కన లేకపోతే నాకు గొంతు పెగలదురా."

తమ్ముడు చెప్పులు విడిచి, కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు.

"చదువక్కా," అన్నాడు.