రెండో కప్పు

“ఈ ట్రేలో పగిలిన కప్పు ఒక్కటే ఉంది. అదేదో పట్టుకుంటే ఉద్యోగం నీది,” అంటూ పెద్దాయన చిన్న చెక్కపుల్ల ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ట్రే వైపు చూసింది. తెల్లటి పింగాణీ కప్పులు, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఎక్కడా గీత లేదు, మచ్చ లేదు. బట్టీలో వెంట్రుకవాసి పగులు పడితే కంటికి ఆనదు. అందుకే ఈ ఫ్యాక్టరీలో కప్పుల్ని చెవులతో చూస్తారు. అంచు మీద పుల్లతో తడితే మంచి కప్పు టింగుమంటుంది, ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. పగిలినదైతే టక్కుమని ఊరుకుంటుంది. ఈ సంగతి పెద్దాయనే ఇందాక వచ్చినవాళ్ళందరినీ నిలబెట్టి చూపించాడు.

గోడవారన కుర్చీలో యజమానురాలు ఫోనులో ఎవరితోనో గొడవపడుతోంది. “మా దగ్గర పగిలే ప్రశ్నే లేదండీ. మా పెద్దాయన చెయ్యి పడకుండా ఒక్క కప్పు గేటు దాటదు. మీ లారీవాణ్ణి గుంతలు చూసి నడపమనండి!” ఫోను పెట్టేసి, “ఊఁ, మొదలుపెట్టమ్మా,” అంది.

అంతకుముందే ఈ గదిలోంచి బయటపడ్డ కుర్రాడు నుదురు తుడుచుకుంటూ ఒక ఉచిత సలహా ఇచ్చాడు. “ఆయన మాటకి ఎదురు చెప్పావో, అయిపోయినట్టే.”

ఇంట్లో వదిన అయితే చెప్పులు వేసుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “నోటికి తాళం వేసి నా చేతికిచ్చి వెళ్ళు తల్లీ! మొన్నటి ఇంటర్వ్యూలో వాళ్ళ ప్రశ్నే తప్పన్నావు. అంతకుముందు దాంట్లో మేనేజరు కూడిక తప్పన్నావు. నువ్వు వంక పెట్టనిది ఈ ఇంట్లో నా వంట ఒక్కటే. అదీ ఆకలి మీద ఉంటావు కనక. ఇన్నాళ్ళూ ఆ పూట పనీ ఈ పూట పనీ చేసి అరిగిపోయావు. ఈసారైనా తలూపి రా!”

తలూపి రావాలనే వచ్చింది.

మొదటి వరస మొత్తం చక్కగా మోగింది. రెండో వరస మధ్యలో ఒకటి టక్కుమంది. దాన్ని పక్కకి పెట్టింది. అక్కడితో ఆపేయవచ్చు. కానీ సగం తుడిచిన బల్లని వదిలేయలేని చెయ్యి అది. మిగతావి కూడా తడుతూ పోయింది.

చివరి వరస మూలలో ఉన్న కప్పు మోగబోయి మానేసింది.

మళ్ళీ తట్టింది. పక్క గదిలో మిషన్ల హోరు. కళ్ళు మూసుకుని ఇంకోసారి తట్టింది. మోత మొదలైనట్టే అయి చప్పున చచ్చిపోయింది.

“తేలిందా?” అన్నాడు పెద్దాయన.

“ఇది సార్.” మొదటి కప్పు చూపించింది.

“ఆఁ, అదే.”

యజమానురాలు చేతిసంచీ అందుకుని లేవబోయింది. అయిపోయింది. ఉద్యోగం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నోరు మూసుకుంటే చాలు, లోపలికి వచ్చేస్తుంది.

“ఇంకోటి కూడా ఉంది సార్.”

“ఏమన్నావ్? గట్టిగా చెప్పు!”

ఆమె గొంతు పెంచింది. “ఇంకో కప్పు కూడా పగిలింది సార్. మూలది.”

“ఒకటే అని ఆయన చెప్పారు కదమ్మా,” అంది యజమానురాలు. “నువ్వు పుట్టకముందు నుంచీ తడుతున్నారాయన.”

పెద్దాయన దగ్గరికొచ్చాడు. ఆమె నోటి వంకే గుచ్చి చూస్తూ, “నేను ఒకటంటుంటే నువ్వు రెండంటావా? అంటే నా మాట తప్పా?” అని గద్దించాడు.

“తప్పని కాదు సార్...” వదిన మొహం కళ్ళముందు కదిలింది. ఆగింది.

యజమానురాలు మెత్తగా, “కంగారులో అలా వినిపిస్తుందిలే. ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఒకటే అను, సరిపోతుంది,” అంది.

“కంగారు నాకుంది మేడమ్. కప్పుకి లేదు కదా!”

అనేశాక నాలుక కరుచుకుంది. పెద్దాయన అరలోంచి సిరాబుడ్డి తీసి, మూలనున్న కప్పుకి గుడ్డతో లోపలా బయటా సిరా పులిమాడు. తడిగుడ్డతో తుడిచాడు. సిరా అంతా పోయింది. ఒక్క చోట మాత్రం పోలేదు. అంచు నుంచి అడుగు దాకా నీలం వెంట్రుక అతికించినట్టు సన్నటి గీత మిగిలింది.

యజమానురాలి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దాయన ఆ గీత మీద వేలితో రాసి చూశాడు. ఆమె తల దించుకుంది. తన ఉద్యోగం ఎలాగూ పోయింది, పోతూపోతూ ఇంత పెద్దవాడి పరువు కూడా పట్టుకుపోయింది. చెక్కపుల్ల బల్లమీద పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని తలుపు వైపు నడిచింది.

“ఎక్కడికి?” పెద్దాయన కేకకి ఉలిక్కిపడి ఆగింది. ఆయన తన స్టూలు కాలితో ఆమె వైపు నెట్టాడు. “కూర్చో. ఇది నీదే.”

ఆమెకి అర్థం కాలేదు. ఆయన అప్పటికే యజమానురాలి వైపు తిరిగాడు. ఇందాకటి నుంచీ ముడిపడి ఉన్న కనుబొమలు మొదటిసారి విడిపోయాయి.

“ఇన్నాళ్ళూ నేను చెబుతున్నది ఇప్పుడైనా నమ్ముతారా మేడమ్? పొద్దుట్నుంచి వచ్చినవాళ్ళంతా ఒకటే అని తలూపి మళ్ళీ నన్నే గెలిపించిపోయారు. ఈ మూలది బాగుందని పెట్టింది నేనే. మన సరుకు పగులుతున్నది లారీలో కాదు, నా చెవుల్లో.”