కింది మడుగు

"ఈ ఏడు వద్దులేవే. వచ్చే ఏడు నేనే దిగుతా" అన్నాడు మొగుడు.

"అందాకా చేపలు నీకోసం కాచుక్కూర్చుంటాయా? నాలుగడుగులు వేస్తే ఆయాసం! నీళ్లలో దిగుతాడట నీళ్లలో!"

ఆమె అతని రబ్బరు సూటులో కాళ్లు దూర్చింది. భుజాల దగ్గర వదులు, తుంటి దగ్గర బిగువు.

"దీంట్లో నన్ను చూస్తే చేపలు నవ్వి నవ్వి చస్తాయి."

అతను నవ్వలేదు.

చేపల పెంపకం కేంద్రంలో పనిచేసి రిటైరైన మనిషి అతను. చన్నీళ్ల చేపజాతి ఒకటి కొండల మీదినుంచి వాగు వెంట ఈ మడుగు దాకానే ఉంటుంది. ఇక్కడికి దిగువన నీళ్లు వెచ్చన. అది బతకదు. ఎగువన మాత్రం బుట్టలకొద్దీ దొరుకుతుంది.

"పైన బోలెడున్నాయిగా, ఈ నాలుగూ పోతే ఏమైందయ్యా?" అన్నాడు ఓ ఆఫీసరు, కేంద్రం ఈ మడుగును వదిలేసిన రోజున.

"రేపు పైన కూడా నీళ్లు వేడెక్కితే, తట్టుకునే రకం ఇదొక్కటే సార్."

సారు టీ తాగి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఆ పని మొగుడూ పెళ్లాలదే అయింది. మొదట్లో ఈ మడుగులోంచి తెచ్చిన తల్లిచేపలను ఆమె పెరటి తొట్లలో సాకుతుంది. పిల్లలను వేలెడంత చేసి, వానలు పడగానే తెచ్చి మడుగులో వదులుతుంది. చలికాలం ముందు అతను దిగి, బతికినవాటిని లెక్కపెడతాడు. చేప కనబడినప్పుడల్లా నీళ్లపైకి వేలెత్తుతాడు. గట్టున కూర్చున్న ఆమె లెక్క మిషను మీట నొక్కుతుంది. నిరుడు ముప్పై ఒకటి లెక్కకొచ్చాయి.

ఒకసారి కరెంటు పోయి, గాలి పంపు ఆగి, తొట్లో పిల్లలన్నీ తెల్లారేసరికి తేలిపోయాయి. అప్పుడు ఆమె మంచం పట్టింది. లేపి కూర్చోబెట్టి నాలుగు ముద్దలు తినిపించడానికి అతనికి దేవుడు కనబడ్డాడు.

ఈ ఏడు అతను ఆసుపత్రిపాలయ్యాడు. చేపపిల్లలను ఆమె ఒంటిచేత్తో పెంచింది. ఒంటరిగానే తెచ్చి వదిలింది.

అతను మిషను పట్టుకుని రాతి మీద కూర్చున్నాడు.

"అడుగున మసగ్గా ఉంటుంది. ఏమీ కనబడకపోయినా కంగారుపడకు. వచ్చేసెయ్."

"నోరు మంచిదైతే కదా! అపశకునం మాటలూ నువ్వూను."

కళ్లద్దాలు దించుకుని, గొట్టం నోట కరిచి, ముఖం నీళ్లలో ముంచింది.

మసకేమీ లేదు. అడుగున గులకరాయి కూడా తేటగా కనిపిస్తోంది. రాళ్లు, నాచు, మునిగిపోయిన కొమ్మ. బండల నీడన వెతికింది. చెట్ల వేళ్లచాటునా వెతికింది. ఒక్క తోకా కదల్లేదు.

నిరుడు ముప్పై ఒకటి! సరిగ్గా తన చేతికి వచ్చిన ఏడాదే ఇలా ఎందుకైంది? మేత ఎక్కువ పెట్టానా? తొందరపడి వదిలానా? ఆయన ఇన్నేళ్లు కళ్లలో పెట్టుకుని కాపాడినదాన్ని, ఒక్క కాపులో చేతులారా నాశనం చేసింది నేనేనా?

గట్టు మీద దగ్గు వినిపించింది. వచ్చే వారం ఊపిరితిత్తికి ఆపరేషన్. ఈ మాట చెవినపడ్డాక ఆ బల్ల ఎక్కితే, ఆ మనిషి దిగుతాడా?

ఆమె ఒక వేలు పైకెత్తింది.

టిక్‌మంది మిషను.

ఖాళీ రాళ్ల మీదుగా నెమ్మదిగా ఈదింది. మరో వేలు. కొంత దూరం ఆగి, ఇంకొకటి. మధ్యలో ఒకసారి ఏడుపు పొంగుకొచ్చి గొట్టం నోట్లోంచి జారింది. తల పైకెత్తి, తుమ్మినట్టు నటించి, మళ్లీ మునిగింది.

చలికి వణుకుతూ గట్టెక్కి, "ఎన్నయ్యాయేం?" అంది.

"ముప్పై నాలుగు."

"నిరుటికన్నా ఎక్కువే!" అంది, ముఖం అటు తిప్పుకుని.

"మరి? ఎవరు పెంచారనుకున్నావు? నీ చేతి చలవే అదంతా."

ఆమె తల వంచుకుంటే, ఆరేళ్లుగా ఒక్క చేపా లేని ఆ మడుగులోంచి ఏటేటా ఇలాగే వేళ్లెత్తి ఇలాగే గట్టెక్కుతూ వచ్చిన ఆ మనిషి, తువ్వాలు తీసి మెల్లిగా ఆమె తల తుడిచాడు.