ఒకే సైజు పాఠాలు

"నేను సంతకం పెట్టను సార్."

ఫైళ్ళు సరిచూడటానికి నాలుగు రోజుల పనికి వచ్చిన ఆవిడ, రిజిస్టరును వెనక్కి తోసేసింది.

అది చూపులేని పిల్లల గ్రంథాలయం. ఎప్పుడో ఎవరో ఓపిగ్గా చదివి పెట్టిన నలభై పాఠాల క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని కాంట్రాక్టరు ముగించాడు. ఆవిడ సంతకం పడితే క్యాసెట్లు తుక్కు బండి ఎక్కుతాయి. బండివాడు అప్పటికే గేటు దగ్గర హారన్ మోగిస్తున్నాడు.

"నలభై ఫైళ్ళూ ఉన్నాయిగా! ఇంకేం కావాలమ్మా?" సూపరింటెండెంటు విసుక్కున్నాడు.

"పేర్లున్నాయి సార్. సైజు చూడండి."

ఆవిడ నల్లటి తెర తెరిచి ఒక్క లైను కమాండ్ కొట్టింది. పేర్లు బారులు తీరాయి. ప్రతి పేరు పక్కనా ఒకటే అంకె. 4,12,06,318 బైట్లు.

"కవల పిల్లలైనా ఇంత సమానంగా తూగరు సార్. చిన్న పాఠం, పెద్ద పాఠం అన్నీ ఒకే సైజా? ఒక్క క్యాసెట్టునే నలభైసార్లు కాపీ చేసి, పేర్లు మార్చాడు."

"చదివే పిల్లలే అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"పిల్లల చేతికి ఇంకా రాలేదు సార్. ఒక్క రెండు ఫైళ్ళు పెట్టి వినండి."

పదేళ్ళ సర్వీసులో సూపరింటెండెంటు ఒక్క పాఠమైనా విన్న పాపాన పోలేదు. సంతకం తానే గీకేశాడు. క్యాసెట్లు బండెక్కాయి.

ఆవిడ తిన్నగా వెళ్ళి బండికి అడ్డంగా నిలబడింది.

"బండి తీయండి చూద్దాం!"

"రండక్కా, నా ఉద్యోగం పోతుంది," వాచ్‌మన్ బతిమాలాడు.

ఆవిడ అంగుళం కదల్లేదు. చివరికి సూపరింటెండెంటు సైగ చేస్తే, వాచ్‌మన్, బండివాడు కలిసి పక్కకు లాగేశారు. బండి వెళ్ళిపోయింది.

"నా నోరు మూయించగలరు సార్. ఆ అంకెల నోరు మూయించలేరు," అనేసి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

ఆవిడది ఉత్త మొండితనమని తేల్చడానికే మధ్యాహ్నం సూపరింటెండెంటు మొదటి ఫైలు తెరిచాడు. నదుల పాఠం. రెండోదీ నదుల పాఠం. నలభయ్యోదీ అదే.

తుక్కు దుకాణానికి ఫోన్ చేశాడు.

"అవా? ఎప్పుడో నుజ్జయిపోయాయి సార్."

ఫోన్ పెట్టేశాక కూడా గదిలో పాఠం సాగుతూనే ఉంది. "అర్థం కాలేదా? మళ్ళీ చదువుతా, వినండి," అంటోంది చదివే గొంతు.

ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ శబ్దం పెంచాడు. ఇరవై ఏళ్ళు లేతగా ఉందంతే, ఆ గొంతు పొద్దున తాను బండి ముందు నుంచి లాగించేసిన మనిషిది.