పై తోట మట్టి

వానలు ఇంకో వారంలో పడతాయి. తన పొలం కోసుకుపోకుండా ఢిల్లేశ్వరరావు గెడ్డ వాగుకు అడ్డంగా సొంతంగా వేసుకున్న మట్టికట్ట వెనుక గుంత మొత్తం పూడిపోయింది. పూడిక తీయకపోతే మొదటి వానకే కట్ట తెగుతుంది. తీయిద్దామంటే మనుషులు దొరకడం లేదు. ఊరంతా జీడిపిక్కల పనిలో ఉంది.

సరిగ్గా అప్పుడే, ఎగువన జీడితోట ఉన్న దండాసి తన హక్కుల కోసం అక్కడికి వేంచేశాడు.

“ఏటి బావా, ఆ మట్టంతా నా తోటది. వానకి కొట్టుకొచ్చి నీ కాడ సేరింది. పరాయి సొత్తు దాసుకుంతావేటి?”

ఢిల్లేశ్వరరావు ఒక్క క్షణం ఆలోచించి, గట్టిగా అరిచాడు. “తట్టెడు కూడా ఇవ్వను! దమ్ముంటే పెద్దమనుసుల కాడికి రా!”

పెద్దమనుషులు రెండు విడతలు టీ తాగి, గంభీరంగా తీర్పు చెప్పారు. మట్టి దండాసిదే. మూడు రోజుల్లో తీసుకెళ్లిపోవాలి.

దండాసి పెళ్లాంతో, ఇద్దరు బావమరదులతో, ఎడ్లబండితో దిగాడు. అడుగు కనబడేదాకా తవ్వుకుపోయాడు. మూడో రోజు సాయంత్రం మీసం దువ్వి, “న్యాయం గెలిసింది బావా!” అన్నాడు.

ఓడిపోయిన ఢిల్లేశ్వరరావు వినయంగా గుంతలో ఒక మూల చూపించాడు.

“అక్కడ నీ మట్టి ఇంకో నాలుగు తట్టలు ఉండిపోనాది బావా. పరాయి సొత్తు నాకొద్దు.”